వాషింగ్ మెషిన్ పదేళ్లు మన్నాలంటే.. డిటర్జెంట్ ఎంత వేయాలి? ఎప్పుడూ చన్నీళ్లతోనే ఉతికితే ఏమవుతుంది?

ఈఎంఐ కట్టి కొన్న వాషింగ్ మెషిన్ నాలుగైదేళ్లు తిరక్కుండానే స్పిన్‌లో గర్రుమని మోత మొదలుపెడుతుంది. లేదంటే ఉతికి ఆరేసిన బట్టలకు ముక్క వాసన వస్తుంది. మెకానిక్ వచ్చి విప్పి చూస్తే మోటారు బాగానే ఉంటుంది. డ్రమ్ వెనక బూడిద రంగు జిగట మాత్రం వేలు మందాన పేరుకుపోయి ఉంటుంది. "బట్టలు ఎక్కువ వేస్తున్నాం, అందుకే పోయింది" అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అసలు కారణం చాలాసార్లు బట్టలు కాదు. అవసరానికి మించి పోసిన పొడి, ఏడాదంతా చన్నీళ్లతోనే ఉతకడం, పని కాగానే మూత బిగించేయడం. ఈ మూడు అలవాట్లు కలిసినప్పుడే మెషిన్ ఆయుష్షు తగ్గుతుంది.

మూడింటినీ మార్చుకోవడానికి పెద్దగా ఖర్చు లేదు. పైగా పొడి మిగులుతుంది. అయితే ఎందుకు మార్చుకోవాలో తెలియాలంటే మెషిన్ లోపల ఏం జరుగుతుందో కొంచెం అర్థం చేసుకోవాలి.

పొడిలో ఏముంటుంది?

మన దగ్గర ఏ కంపెనీ పొడినైనా జనం "సర్ఫ్" అనే అంటారు. కానీ అన్ని పొడులూ ఒకటి కాదు. సాధారణంగా డిటర్జెంట్‌లో నాలుగు రకాల పదార్థాలు ఉంటాయి. మొదటిది జిడ్డును బట్ట నుంచి విడదీసే సర్ఫాక్టెంట్. నురుగు వచ్చేది దీనివల్లే. రెండోది చాకలి సోడా లాంటి క్షారం. ఇది నీటి కఠినత్వాన్ని తగ్గించి సర్ఫాక్టెంట్ పనిని సులువు చేస్తుంది. మూడోది ఎంజైమ్‌లు. రక్తం, కూర, గంజి, నూనె మరకలను ముక్కలు చేసేవి ఇవే. నాలుగోది ఆక్సిజన్ బ్లీచ్. ఇది కొన్ని పొడుల్లోనే ఉంటుంది. లిక్విడ్ డిటర్జెంట్లలో సాధారణంగా ఉండదు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. పొడి కలిపిన నీటి పీహెచ్ సుమారు 10 నుంచి 11 దాకా ఉంటుంది. అంటే గట్టి క్షారం. బట్టలకు ఇది గంట సేపు తగిలి జాడింపులో పోతుంది కాబట్టి నష్టం లేదు. అదే క్షారం పూర్తిగా కరగకుండా, జాడింపులో పోకుండా డ్రమ్ వెనక తడి ముద్దలా అతుక్కుంటే కథ వేరు. అది రోజంతా, ఏడాదంతా లోహాన్ని తింటూనే ఉంటుంది.

నురుగు ఎక్కువైతే శుభ్రం ఎక్కువ కాదు

చేత్తో బకెట్‌లో ఉతికే రోజుల నుంచి వచ్చిన నమ్మకం ఇది: నురుగు పొంగితేనే మురికి పోతుంది. మెషిన్‌లో ఇది తిరగబడుతుంది. ఫ్రంట్ లోడ్ మెషిన్ బట్టలను పైకెత్తి కిందకు పడేస్తుంది. ఆ దెబ్బకే మురికి వదులుతుంది. నురుగు దిండులా మధ్యలోకి వస్తే ఆ దెబ్బ తగలదు. బట్ట సరిగా శుభ్రం కాదు. అప్పుడు ఇంట్లోవాళ్లు "పొడి చాల్లేదు" అనుకుని మరుసటి రోజు ఇంకో స్పూన్ కలుపుతారు. ఇలా తప్పు పెరుగుతూ పోతుంది.

నురుగు నష్టం అక్కడితో ఆగదు. నీళ్లు తోడేసే డ్రెయిన్ పంపు నీటికి బదులు గాలి, నురుగు లాగుతూ ఎక్కువ సేపు తిరగాల్సి వస్తుంది. స్పిన్ సమయంలో లోపలి డ్రమ్‌కూ బయటి టబ్‌కూ మధ్య నురుగు ఇరుక్కుంటే డ్రమ్ తిరగడానికి మోటారు మీద భారం పడుతుంది. కొత్త మెషిన్లు దీన్ని పసిగట్టి నురుగు ఎర్రర్ చూపిస్తాయి, లేదా తమంతట తామే ఇంకోసారి నీళ్లు పట్టి జాడిస్తాయి. అంటే నీళ్లు, కరెంటు, సమయం అన్నీ దండగ.

అందుకే ఫ్రంట్ లోడ్‌కు, టాప్ లోడ్‌కు "మ్యాటిక్" పేరుతో వేరే డిటర్జెంట్లు అమ్ముతారు. ఇది ఉత్త వ్యాపార ఎత్తు కాదు. ఫ్రంట్ లోడ్ డిటర్జెంట్‌లో నురుగును అదుపు చేసే పదార్థం కలుపుతారు. బకెట్ పొడిని ఫ్రంట్ లోడ్‌లో పోస్తే చవగ్గా వస్తుందన్న లెక్క రిపేరు బిల్లుతో తారుమారవుతుంది.

చన్నీళ్లతో ఉతకడం తప్పా?

తప్పు కాదు. ఈ విషయంలో రెండు వైపులా చూడాలి. వాషింగ్ మెషిన్ వేడి నీళ్ల వాష్‌లో వాడే కరెంటులో పెద్ద భాగం నీటిని వేడి చేయడానికే పోతుంది. చన్నీళ్లతో ఉతికితే ఆ ఖర్చు మిగులుతుంది. రంగులు వెలిసిపోవు, ఎలాస్టిక్ సాగదు, నల్ల బుర్ఖా నల్లగానే ఉంటుంది. మెషిన్‌లోని రబ్బరు పైపులకు, సీళ్లకు కూడా చన్నీళ్లే మేలు. హీటర్ మీద తెల్లటి పెచ్చు పట్టడమూ తగ్గుతుంది.

చిక్కు ఎక్కడంటే, ఎప్పుడూ చన్నీళ్లే అయితే మూడు పనులు జరగవు.

ఒకటి, పొడి పూర్తిగా కరగదు. కరగని పొడి బట్టల మీద తెల్ల మచ్చలుగా, డ్రమ్ అడుగున ముద్దగా మిగిలిపోతుంది.

రెండు, కొవ్వు కరగదు. బిర్యానీ గిన్నెను చన్నీళ్లతో కడిగితే నెయ్యి, డాల్డా చేతికి ఎలా అంటుకుంటాయో ప్రతి ఇంట్లోనూ తెలుసు. మటన్ కొవ్వయితే 40 డిగ్రీలు దాటితే గానీ కరగదు. బట్టల మీది వంటనూనె, చెమట జిడ్డు, అత్తరు నూనె, తలకు రాసుకునే కొబ్బరి నూనె అన్నీ ఇలాగే టబ్ గోడలకు పూతలా పడతాయి. దాని మీద పొడి, బట్టల నూగు అతుక్కుని జిగటగా మారతాయి.

మూడు, సూక్ష్మజీవులు చావవు. 60 డిగ్రీల వేడిలో చాలావరకు పోయే బ్యాక్టీరియా, బూజు చన్నీళ్లలో హాయిగా పెరుగుతాయి. జిగటే వాటికి తిండి. మెషిన్ తెరవగానే కొట్టే ముక్క వాసన దాని నుంచే వస్తుంది. ఆక్సిజన్ బ్లీచ్ ఉన్న పొడి వాడినా చన్నీళ్లలో అది సగం పని కూడా చేయదు. 40 డిగ్రీలు దాటాకే దాని బలం బయటపడుతుంది.

ఇంకో మాట. చన్నీళ్లు అన్నిచోట్లా ఒకటి కాదు. యూరప్ చలికాలంలో కుళాయి నీళ్లు 10 డిగ్రీల లోపే ఉంటాయి. హైదరాబాద్‌లో మే నెలలో మిద్దె మీది సింటెక్స్ ట్యాంకు నీళ్లు గోరువెచ్చగా కాదు, ఒక్కోసారి చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి. గల్ఫ్ దేశాల్లో ఎండాకాలం పరిస్థితీ అంతే. కాబట్టి మన దగ్గర పొడి కరగకపోవడమనే సమస్య ముఖ్యంగా నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎక్కువ. చలికాలంలో మాత్రం ఎండాకాలం అలవాటుతో ఉతికితే సరిపోదు.

ముందు పాడయ్యేది ఏ భాగం?

ఫ్రంట్ లోడ్ మెషిన్‌లో స్టీల్ డ్రమ్ వెనక మూడు కాళ్ల చట్రం ఒకటి ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని స్పైడర్ అంటారు. చాలా మెషిన్లలో ఇది అల్యూమినియం మిశ్రమంతో చేస్తారు. డ్రమ్ బరువునంతా మోసేది ఇదే. అల్యూమినియానికి క్షారం పడదు. పక్కనే స్టీల్ ఉండి, మధ్యలో తడి ఉంటే తుప్పు ఇంకా వేగంగా తింటుంది. పేరుకున్న పొడి ముద్ద కింద స్పైడర్ కాళ్లు నెమ్మదిగా తొర్రలు పడతాయి. ఒకరోజు స్పిన్‌లో ఒక కాలు విరిగి డ్రమ్ టబ్‌కు కొట్టుకుంటుంది. బయటి నుంచి చూస్తే ఈ నష్టం కనిపించదు.

రెండోది బేరింగ్. నీళ్లు బేరింగ్‌లోకి వెళ్లకుండా ఒక రబ్బరు సీల్ కాపలా ఉంటుంది. దాని అంచున జిగట, గట్టి పొడి, తెల్ల పెచ్చు చేరితే సీల్ అరుగుతుంది. నీళ్లు లోపలికి పోతాయి, బేరింగ్ తుప్పు పడుతుంది. స్పిన్‌లో విమానం ఎగిరినట్టు మోత వస్తోందంటే అనుమానించాల్సింది దీన్నే. కొన్ని కొత్త మోడళ్లలో టబ్‌ను విప్పడానికి వీల్లేకుండా అతికించేస్తున్నారు. అలాంటి వాటిలో బేరింగ్ ఒక్కటే మార్చడం కుదరదు, టబ్ మొత్తం మార్చాలి. ఆ ఖర్చు విని చాలామంది మెషిన్‌ను పాత సామాన్ల బండికి వేసేస్తారు.

మూడోది నీటి మట్టం కొలిచే సన్నటి ప్రెషర్ పైపు. జిగటతో ఇది మూసుకుపోతే మెషిన్‌కు నీళ్లెంత ఉన్నాయో తెలియదు. నీళ్లు పొంగిపోతాయి, లేదా నీళ్లు ఉన్నా లేవని ఎర్రర్ చూపిస్తుంది. చాలామంది ఇలాంటప్పుడు సర్క్యూట్ బోర్డు పోయిందని భయపడతారు. పైపు శుభ్రం చేస్తేనే సరిపోయే సందర్భాలూ ఉంటాయి.

టాప్ లోడ్‌లో హీటర్ లేని మోడళ్లే ఎక్కువ. వాటిలో జిగట లోపలి టబ్‌కూ బయటి టబ్‌కూ మధ్యలో, అడుగున తిరిగే పల్సేటర్ కింద చేరుతుంది. బట్టల మీద గోధుమ రంగు పెచ్చులు కనిపిస్తున్నాయంటే అవి అక్కడి నుంచి ఊడి వస్తున్నవే.

బోరు నీళ్లయితే లెక్క మారుతుంది

తెలంగాణలో, రాయలసీమలో బోరు నీళ్లు చాలాచోట్ల గట్టి నీళ్లు. అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు చూస్తే విషయం అర్థమవుతుంది. మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. వేరే నీరు దొరకని చోట 600 వరకు అనుమతిస్తారు. బోరు నీళ్లు ఈ రెండో హద్దునూ దాటే ఊళ్లున్నాయి. కృష్ణా, గోదావరి, మంజీరా నుంచి వచ్చే నల్లా నీళ్లు సాధారణంగా బోరు కంటే మెత్తన.

గట్టి నీళ్లలో డిటర్జెంట్‌లో కొంత భాగం ఆ లవణాలతో పోరాడ్డానికే ఖర్చయిపోతుంది. అందుకే అక్కడ మెత్తని నీళ్ల కంటే కొంచెం ఎక్కువ పొడి అవసరమే. "పొడి తగ్గించండి" అన్న సలహాను గుడ్డిగా పాటించి మరీ తక్కువ వేసినా నష్టమే. జిడ్డు పోకుండా మిగులుతుంది, నీటి లవణాలతో కలిసి అదీ పేరుకుంటుంది. ఎక్కువ వేసినా, మరీ తక్కువ వేసినా ఒకే రకం జిగట తయారవుతుందన్నమాట. అసలు చేయాల్సింది కొలవడం.

నీళ్లు గట్టివో కాదో ఇంట్లోనే తెలుస్తుంది. కుళాయి మూతికి, గీజర్ రాడ్‌కు తెల్లటి పెచ్చు పట్టడం మొదటి గుర్తు. ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఖాళీ సీసాలో సగం నీళ్లు పోసి, స్నానం సబ్బు చిన్న ముక్క వేసి గట్టిగా ఊపాలి. నురుగు నిలబడి, కింద నీళ్లు తేటగా ఉంటే మెత్తని నీళ్లు. నురుగు సరిగా రాక నీళ్లు పాలలా తెల్లగా మారి, తెట్టు కడితే గట్టి నీళ్లు. ఈ పరీక్షకు డిటర్జెంట్ పొడి వాడకూడదు. అది గట్టి నీళ్లలోనూ నురుగిస్తుంది కాబట్టి తేడా తెలియదు.

గల్ఫ్‌లో ఉండేవాళ్లకు ఒక సూచన. కువైట్, ఖతర్, దుబాయ్ లాంటి చోట్ల కుళాయి నీళ్లలో ఎక్కువ భాగం సముద్రపు నీటిని శుద్ధి చేసినవి. అవి సాధారణంగా మన బోరు నీళ్ల కంటే చాలా మెత్తన. ఇక్కడ వేసే కొలతే అక్కడ వేస్తే నురుగు పొంగుతుంది. అక్కడి కొలతే ఇక్కడ బోరు నీళ్లకు వాడితే బట్టలు మాసినట్టే ఉంటాయి. ఊరు మారినప్పుడు కొలత కూడా మార్చుకోవాలి.

సరైన కొలత ఎలా తెలుసుకోవాలి?

డిటర్జెంట్ ప్యాకెట్ వెనక బట్టల బరువును బట్టి, మురికిని బట్టి ఎంత వేయాలో రాసి ఉంటుంది. ముందు అక్కడి నుంచి మొదలుపెట్టాలి. చెయ్యి కొలత, పిడికిలి కొలత వద్దు. ప్యాకెట్‌తో కప్పు రాకపోతే వంటింట్లో పాత టీ స్పూన్ ఒకటి దీనికోసమే పెట్టుకోవాలి.

తర్వాత ఈ పరీక్ష చేయాలి. ఉతికి పిండిన తువాళ్లు నాలుగైదు మళ్లీ మెషిన్‌లో వేసి, పొడి ఏమీ లేకుండా చిన్న వాష్ పెట్టాలి. పది నిమిషాల తర్వాత అద్దంలోంచి గానీ, మూత తెరిచి గానీ చూడాలి. నురుగు బాగా కనిపిస్తే, ఇన్నాళ్లూ బట్టల్లో, మెషిన్‌లో డిటర్జెంట్ మిగిలిపోతోందని అర్థం. అలాంటప్పుడు కొలతలో నాలుగో వంతు తగ్గించి రెండు వారాలు చూడాలి. బట్టలు శుభ్రంగా వస్తుంటే మళ్లీ కొంచెం తగ్గించవచ్చు. కాలర్ మీద జిడ్డు, వాసన మిగులుతుంటే ఒక మెట్టు వెనక్కి రావాలి.

లెక్క వేసి చూస్తే ఇందులో డబ్బు కూడా ఉంది. ఒక్కో వాష్‌కు 40 గ్రాములు అదనంగా పోస్తున్నారనుకుందాం. నెలకు 25 వాష్‌లంటే కిలో. ఏడాదికి 12 కిలోల పొడి. అంతా డ్రైనేజీలోకి, కొంత మెషిన్ నడుములోకి పోతోంది.

చలికాలంలో టాప్ లోడ్, సెమీ ఆటోమేటిక్ వాడేవాళ్లు పొడిని నేరుగా బట్టల మీద చల్లకుండా ఒక మగ్గు వేడి నీళ్లలో పూర్తిగా కరిగించి పోస్తే చాలు, సగం సమస్య తీరుతుంది. ఫ్రంట్ లోడ్‌లో ట్రేలోనే వేయాలి. ట్రేలో పొడి గడ్డకడుతుంటే లిక్విడ్ వాడుకోవచ్చు, లేదా 30, 40 డిగ్రీల ప్రోగ్రామ్ పెట్టుకోవచ్చు.

కంఫర్ట్ లాంటి సాఫ్ట్‌నర్లు బట్టకు మైనంలాంటి పూత వేసి మెత్తగా చేస్తాయి. అదే పూత టబ్‌కూ పడుతుంది. ప్రతి వాష్‌కూ అవసరం లేదు. తువాళ్లకు అసలే వద్దు, నీళ్లు పీల్చడం మానేస్తాయి.

నెలకు ఒక్క వేడి వాష్, ఖర్చు పది రూపాయల లోపే

వారమంతా చన్నీళ్లతో ఉతికినా, నెలకోసారి మెషిన్‌ను 60 డిగ్రీల్లో నడిపితే జిగట చాలావరకు కరిగి పోతుంది. ఫ్రంట్ లోడ్‌లో టబ్ క్లీన్ ప్రోగ్రామ్ ఉంటే అది, లేకపోతే కాటన్ 60 పెట్టాలి. ఖాళీగానే నడపాలనేమీ లేదు. దుప్పట్లు, తెల్ల తువాళ్లు, వంటింటి గుడ్డలు, దస్తర్‌ఖాన్ లాంటివి వేసి ఆక్సిజన్ బ్లీచ్ ఉన్న పొడి వాడితే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. అయితే ఇప్పటికే వాసన వస్తున్న మెషిన్‌ను మొదటి రెండు సార్లు ఖాళీగా నడపడం మంచిది.

కరెంటు బిల్లు భయం అక్కర్లేదు. ఫ్రంట్ లోడ్ ఒక వాష్‌కు సుమారు 15 లీటర్ల నీళ్లు వేడి చేస్తుందనుకుంటే, 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 0.6 యూనిట్ కావాలి. బట్టలు, డ్రమ్ వేడెక్కడం, మోటారు తిరగడం కలిపితే ఒక యూనిట్ అటూ ఇటూ. యూనిట్ 8 రూపాయలు అనుకున్నా నెలకు పది రూపాయలు దాటదు. ఏడాదికి 120. బేరింగ్ రిపేరు వేలల్లో ఉంటుంది.

హీటర్ లేని టాప్ లోడ్‌లో గీజర్ నీళ్లు బకెట్లతో పోసి, టబ్ నిండా నింపి, కాసేపు తిప్పి, గంట నానబెట్టి వదిలేయాలి. మరిగే నీళ్లు పోయకూడదు. ప్లాస్టిక్ టబ్, సీళ్లు పాడవుతాయి. మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో ఎంత వేడి వరకు పోయవచ్చో రాసి ఉంటుంది, అది చూసుకోవాలి.

గట్టి నీళ్ల ప్రాంతాల్లో దీనికి ఇంకొకటి కలపాలి. వేడి వాష్‌తో జిగట పోతుంది కానీ తెల్ల పెచ్చు పోదు. దానికి ఆమ్లం కావాలి. కిరాణా షాపుల్లో నిమ్మ ఉప్పు పేరుతో దొరికే సిట్రిక్ యాసిడ్ 100 గ్రాముల వరకు వేసి, ఏడాదికి రెండు మూడు సార్లు ఖాళీ మెషిన్‌ను వేడి నీళ్లతో నడిపితే సరిపోతుంది. కంపెనీల డీస్కేలింగ్ పొడులు చేసేదీ అదే పని.

బక్రీద్, రంజాన్ బట్టలు

ఖుర్బానీ రోజు బట్టల మీద రక్తం, కొవ్వు రెండూ ఉంటాయి. రెండింటికీ వైద్యం వేరు. రక్తానికి ముందు చన్నీళ్లే వాడాలి. వేడి నీళ్లు తగిలితే రక్తంలోని ప్రొటీన్ ఉడికి మరక శాశ్వతంగా ఉండిపోతుంది. కాబట్టి బకెట్‌లో చన్నీళ్లలో నానబెట్టి, చేత్తో నలిపి, ఆ నీళ్లు పారబోయాలి. తర్వాత కొవ్వు కోసం 40 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువ వేడిలో మెషిన్‌లో వేయాలి. కొవ్వు ముక్కలు అంటుకున్న బట్టలను అలాగే మెషిన్‌లో పడేస్తే అవి డ్రెయిన్ ఫిల్టర్‌లో, పైపులో గడ్డకడతాయి. పండగ మర్నాడు ఫిల్టర్ ఒకసారి తెరిచి చూడడం మరిచిపోవద్దు.

రంజాన్‌లో తెల్ల కుర్తాల మీద అత్తరు, ఇఫ్తార్ నూనె మరకలు మామూలే. వాటి మీద రెండు చుక్కల లిక్విడ్ రుద్ది పావుగంట ఆగి మెషిన్‌లో వేస్తే తక్కువ పొడితోనే పోతాయి. ఒక్క మరక కోసం వాష్ మొత్తానికి పొడి పెంచడం అనవసరం.

బుర్ఖాలు, అబాయాలు, హిజాబ్‌లు ఎక్కువగా పాలిస్టర్. వీటికి చన్నీళ్లే సరి. తెల్ల చారలు పడకుండా లిక్విడ్ వాడాలి. జానమాజ్‌లు, మందపాటి రగ్గులు నీళ్లు పీల్చి బాగా బరువెక్కుతాయి. ఒక్కటే వేస్తే డ్రమ్ ఒక పక్కకు ఒరిగి, స్పిన్‌లో మెషిన్ గంతులేస్తుంది. ఆ దెబ్బ నేరుగా బేరింగ్ మీదే. రెండు కలిపి సమానంగా పరచాలి, స్పిన్ వేగం తగ్గించాలి. వెనక రబ్బరు పూత ఉన్నవి మెషిన్‌లో వేయకపోవడమే మేలు.

బట్టల పాకీ గురించి జాగ్రత్త పడే ఇళ్లలో ఇంకో అలవాటు ఉంది. అనుమానంతో పొడి రెట్టింపు వేస్తారు. నిజానికి పొడి పెరిగితే జాడింపు కష్టమవుతుంది, సబ్బు బట్టలోనే ఉండిపోతుంది. పాకీకి కావాల్సింది శుభ్రమైన నీళ్లు, సరిపడా జాడింపు. దానికోసం మెషిన్‌లో ఎక్స్‌ట్రా రిన్స్ బటన్ ఉంటుంది. అది నొక్కితే బట్టకూ మంచిది, డ్రమ్ వెనక మిగిలిన పొడీ పోతుంది. చిన్నపిల్లల బట్టలకూ, చర్మం దురద ఉన్నవాళ్లకూ ఇదే మేలు. నజాసత్ అంటిన బట్టల మసాయిల్ మాత్రం తెలిసిన ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

ఇవి చేయకూడదు

- క్లోరిన్ బ్లీచ్‌ను నిమ్మ ఉప్పుతో గానీ, వెనిగర్‌తో గానీ, బాత్‌రూమ్ యాసిడ్‌తో గానీ కలపకూడదు. విషపూరితమైన క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఇరుకు బాత్‌రూమ్‌లో ఇది ప్రాణం మీదకు తెస్తుంది.
- బాత్‌రూమ్ యాసిడ్‌ను మెషిన్‌లో అసలే పోయకూడదు. స్టీల్, అల్యూమినియం రెండూ పాడవుతాయి.
- వంట సోడా, వెనిగర్ రెండూ కలిపి పోయడం వల్ల లాభం లేదు. ఒకదాన్నొకటి చంపుకుని ఉత్త బుడగలే మిగులుతాయి.
- వాష్ అయ్యాక తడి బట్టలు రాత్రంతా లోపలే ఉంచకూడదు.
- మూత వెంటనే మూయకూడదు. కనీసం రెండు మూడు గంటలు తెరిచి ఉంచాలి. పొడి ట్రేను కూడా కొంచెం బయటకు లాగి ఉంచాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే, మెషిన్ ఉన్న గది తలుపు వేసి ఉంచడం తప్పనిసరి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు

ఉతికిన బట్టలకు ముక్క వాసన, బట్టల మీద గోధుమ లేదా బూడిద రంగు పెచ్చులు, చివరి జాడింపులోనూ నురుగు, నీళ్లు నెమ్మదిగా పోవడం. ఇవి ఇంట్లోనే సరిచేసుకోగల దశలు. వేడి వాష్, ఫిల్టర్ శుభ్రం, కొలత తగ్గించడం చాలు.

స్పిన్‌లో మోత, మెషిన్ కింద తుప్పు రంగు నీళ్లు, ఆపి ఉంచినప్పుడు చేత్తో డ్రమ్‌ను పైకెత్తితే కటకట ఊగడం. ఇవి బేరింగ్, స్పైడర్ దశ. ఇక వాడకుండా ఆపి మెకానిక్‌ను పిలవాలి. తొందరగా పిలిస్తే బేరింగ్‌తో పోతుంది. ఆలస్యమైతే షాఫ్ట్, టబ్ కూడా పోతాయి.

పదేళ్ల వారంటీ అంటే దేనికి?

షాపులో "పదేళ్ల వారంటీ" అని పెద్ద అక్షరాలతో రాస్తారు. అది సాధారణంగా మోటారుకు మాత్రమే. మెషిన్ మొత్తానికి ఉండేది చాలాసార్లు ఏడాదో, రెండేళ్లో. బేరింగ్, స్పైడర్, రబ్బరు గాస్కెట్, పంపు ఆ పదేళ్లలోకి రావు. ఇప్పటిదాకా చెప్పుకున్న నష్టాలన్నీ సరిగ్గా వారంటీ లేని ఈ భాగాలకే. కొనేముందు వారంటీ కార్డు చదవాలి. బేరింగ్ విడిగా మార్చవచ్చా, టబ్ మొత్తం మార్చాలా అని అడగాలి. బిల్లు దాచాలి. వారంటీలో ఉన్నా కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

గోడకు అంటించుకోవడానికి చిన్న పట్టిక

- ప్రతిసారీ: పొడి కొలిచి వేయాలి, జేబులు చూడాలి, పని కాగానే గాస్కెట్ మడత తుడిచి మూత తెరిచి ఉంచాలి.
- వారానికోసారి: టాప్ లోడ్ నూగు ఫిల్టర్, పొడి ట్రే కడగాలి.
- నెలకోసారి: ఒక వేడి వాష్. ఫ్రంట్ లోడ్ కింది ఫిల్టర్ తెరిచి శుభ్రం చేయాలి. ముందు స్విచ్ తీసేయాలి, కింద పళ్లెం పెట్టాలి.
- ఏడాదికి రెండు మూడు సార్లు: బోరు నీళ్లయితే నిమ్మ ఉప్పుతో ఖాళీ వాష్.
- చలికాలంలో: పొడి వేడి నీళ్లలో కరిగించి పోయాలి, లేదా 30, 40 డిగ్రీల ప్రోగ్రామ్ వాడాలి.
- ఊరు గానీ, నీళ్లు గానీ, డిటర్జెంట్ గానీ మారినప్పుడు: తువాళ్ల పరీక్ష మళ్లీ చేయాలి.